రోలర్ల మీద కొబ్బరినీళ్ళు

ఫిబ్రవరి 6, గురువారం

పోలయ్య గారి నీలం కారు షెడ్డుకి వచ్చింది. కారు వచ్చిందనడం కన్నా ఊరేగింపు వచ్చిందనాలి. ముందు మోటారు సైకిళ్ళు, మధ్యలో కారు, వెనకాల మేత వ్యానులో ఆయన రొయ్యల చెరువుల మనుషులు. ఒక్కొక్కరూ దిగి నా డైనో మిషను చుట్టూ తిరిగి, రోలర్లలోకి తొంగి చూసి, "ఇందులో కారు పడిపోదాండి" అని అడిగారు. పడిపోదు. చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి, కారు ఉన్నచోటే ఉంటుంది, బలం ఎంతో స్క్రీను మీద పడుతుంది. అందరికీ విడివిడిగా చెప్పాను. మా అమ్మ కాంతమ్మ మాత్రం చర్చిలో స్త్రీల కూడికలో "మా జాయ్ కార్లకి బీపీ చూస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మలికిపురంలో ఇప్పుడు నేను బీపీ డాక్టరమ్మని. కోయంబత్తూరులో అన్నేళ్ళు పని నేర్చుకుని వచ్చింది ఇందుకు.

కారు మంచిదే. నాలుగు చక్రాలూ లాగే రకం, టర్బో ఉంది. బెంగళూరులో ఎవరో అమ్ముతూ నాలుగు వందల హార్స్‌పవర్ అని చెప్పాడట. పోలయ్య గారు నమ్మారు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. పెళ్ళి భోజనాల దగ్గర బావమరిది మాణిక్యం గారు "అంత లేదు బావా" అన్నారట. వెంటనే పందెం. జాయ్ మిషను మీద నాలుగు వందలు వస్తే మాణిక్యం గారు మీసం తీయించుకోవాలి. రాకపోతే పోలయ్య గారు తీయించుకోవాలి.

నా మిషను మీద పందెం కాసేముందు నన్నొక మాట అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఇద్దరివీ అల్లాటప్పా మీసాలు కావు. పోలయ్య గారిది గుబురు, టీ తాగితే సగం దానికే పోతుంది. మాణిక్యం గారిది కొనలు తిప్పిన మీసం. బోట్ల యజమానుల సంఘం ఫోటోలో ముందు మీసం కనిపిస్తుంది, తరవాత ఆయన కనిపిస్తారు.

షెడ్డు పోలయ్య గారిది. ఇదివరకు ఇందులో కొబ్బరికాయలు వొలిచేవారు. ఆడపిల్లకి కార్ల షెడ్డేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటున్నప్పుడు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషి ఆయన. పాస్టరు గారు ప్రార్థన చేసి షెడ్డు తెరుస్తుంటే అందరికన్నా వెనక, తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. ఆయన్ని నొప్పించడం నా వల్ల కాదు. అది ముందే రాసుకుంటున్నాను.

సాయంత్రం కారుని రోలర్ల మీద కట్టి నడిపాను. రెండు వందల అరవై ఎనిమిది.

మా మెకానిక్ సత్తిబాబు స్క్రీను చూసి, "కొత్త చోటు కదండి, బెరుకేమో" అన్నాడు. కారుకి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పొద్దున్నించీ ల్యాప్‌టాప్‌తో కుస్తీ. టర్బో గాలి కాస్త పెంచాను, పెట్రోలు సరిచేశాను, మళ్ళీ నడిపాను. పెద్ద ఫ్యాను పెట్టినా మన ఉక్కలో ఇంజనుకి చెమట పట్టేట్టుంది. రెండు వందల ఎనభై ఒకటి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకాస్త పిండబోతే ఇంజను లోపల గులకరాళ్ళు కదిలిన చప్పుడు. ఆపేశాను. ఇంకా పిండితే పిస్టన్లు పగులుతాయి.

మంచి పని చేశాను. కారు ఇంత హాయిగా ఎప్పుడూ లాగి ఉండదు. కానీ ఎనభై ఒకటి పక్కన ఉన్న అంకె రెండు. నాలుగు కాదు.

పోలయ్య గారు ఫోను చేశారు. "ఎలా ఉందమ్మా మన కారు?"

"బాగుందండి బాబాయ్ గారూ."

"ఆదివారం వస్తామమ్మా. మా బావమరిదిని కూడా తీసుకొస్తాను, కళ్ళారా చూసుకుంటాడు."

"ఆయ్."

ఫోనులో ఇలాంటివి చెప్పకూడదు. ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి చెప్పాలి. అది పద్ధతి.

నాన్న రిటైరైన లెక్కల హెడ్మాస్టరు. భోజనం దగ్గర "ఎంతొచ్చింది?" అన్నారు.

"రెండు వందల ఎనభై ఒకటి."

"ఎంత రావాలి?"

"నాలుగు వందలు."

"ఫెయిలు" అని చెప్పి చారు పోసుకున్నారు. పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నాకు ముప్పై నాలుగున్నర వేసిన మనిషి ఈయన. పాసు మార్కు ముప్పై అయిదు. సొంత కూతురికి అర మార్కు కలపలేదు. అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను ఇప్పటికీ మాట్లాడుతున్నానంటే నా గొప్పతనం.

ఫిబ్రవరి 8, శనివారం

రేపు చెప్పేస్తాను. సూటిగా. నాలుగు ముక్కల్లో.

ఫిబ్రవరి 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఎవరూ చదవరు కదా.

చర్చి నుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళేసరికి షామియానా వేసి ఉంది. కుర్చీలు. పొయ్యి మీద టీ. పోలయ్య గారి వాళ్ళు, మాణిక్యం గారి వాళ్ళు, ఎవరి వాళ్ళో తెలియని వాళ్ళు. పోలయ్య గారు అంబాజీపేట నుంచి పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలు తెప్పించి అందరికీ పెట్టిస్తున్నారు. నేను నాలుగు ముక్కలూ నోట్లో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చేతిలో ఆకు పెట్టారు. నోట్లో పొట్టిక్క పడ్డాక నాలుగు ముక్కలకి చోటెక్కడిది.

ఇంతలో ఆయన "అమ్మా, నువ్వేమీ అనుకోకపోతే, మొదలెట్టే ముందు కొబ్బరికాయ కొడతాం" అన్నారు. మా ప్రార్థనకి తల వంచిన మనిషి. వద్దని ఏ నోటితో అంటాను. "ఆయ్, తప్పకుండా" అని ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాను.

కాయ కొట్టే పని సత్తిబాబు తీసుకున్నాడు. షెడ్డులో నేల ఉంది. గుమ్మం ఉంది. బయట రాయి ఉంది. వాడు వీటన్నిటినీ వదిలేసి, ముందు చక్రాల కింద రోలరు అంచు మీదే కొట్టాడు. ఒక కాయ కాదు. పోలయ్య గారి తరఫున ఒకటి, మాణిక్యం గారి తరఫున ఒకటి, మిషను తరఫున ఒకటి. నీళ్ళన్నీ రోలర్ల మీద. నేను తలెత్తి చూసేసరికి వాడు పసుపు కూడా రాసేశాడు.

తుడవమని చెప్పబోయాను. అప్పటికే పోలయ్య గారు కారులో కూర్చుని, "కానీ అమ్మా" అన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. పూజ చేసిన కొబ్బరినీళ్ళు గుడ్డ పెట్టి తుడిస్తే ఎవరేమనుకుంటారో అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఒక్క క్షణమే.

ఇంజను అందుకుంది. వెనక చక్రాలు పట్టుకుని లాగుతున్నాయి, ముందు చక్రాలు తడి మీద జర్రున జారుతున్నాయి. జారి జారి, వేడికి తడి ఆరిందో ఏమో, ఒక్కసారిగా గబుక్కున పట్టుకున్నాయి. ఆ కుదుపుకి స్క్రీను మీద గీత మిట్ట నేలలో తాటిచెట్టు మొలిచినట్టు నిటారుగా లేచి, కింద పడింది. పక్కన పెద్ద అక్షరాల్లో 412.

అది బలం కాదు. జారుడు. ఈ పనిలో ఓనమాలు తెలిసిన ఎవరికైనా తెలుస్తుంది.

షెడ్డంతా చప్పట్లు. పోలయ్య గారు కారు దిగి వచ్చి, కళ్ళనీళ్ళతో, "నాలుగొందల పన్నెండు అన్నమాట" అన్నారు.

నేను "ఆయ్" అన్నాను.

మాణిక్యం గారు నెమ్మదిగా దగ్గరికి వచ్చి, "మిషను చెప్పింది ఖాయమే కదండి" అన్నారు.

"ఆయ్."

అందరూ వెళ్ళాక సత్తిబాబుని చెడామడా తిట్టాను. కొబ్బరినీళ్ళ వల్ల జారి తప్పు అంకె వచ్చిందిరా, అన్నాను. వాడు అంతా విని, "అయితే మన కొబ్బరినీళ్ళకి అంత పవరుందన్నమాట" అన్నాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

నేను అబద్ధం చెప్పలేదు. అంకె స్క్రీను చెప్పింది. నేను ఆయ్ అన్నాను, అంతే. మా వైపు ఎవరేం చెప్పినా ఆయ్ అంటాం. వర్షం వస్తుందంటే ఆయ్ అంటాం, రాదన్నా ఆయ్ అంటాం.

అదీగాక, లెక్క వేసి చూశాను. రోలర్ల మీద రెండు వందల ఎనభై ఒకటి. గేర్లూ ఇరుసులూ దారిలో తినేసింది కలిపితే మూడు వందల నలభై. ఉక్క లేకుండా పుష్యమాసం తెల్లవారుజామున నడిపితే మూడు వందల యాభై అనుకుందాం. మంచి పెట్రోలు పోస్తే ఇంకో పది. ఖాళీ రోడ్డు, వెనక నుంచి గాలి. అలా అలా మూడు వందల డెబ్భై దాకా తీసుకొచ్చాను. మిగతాది మర్యాద.

లెక్క మళ్ళీ చదివాను. నాన్న చూస్తే ఈ పేజీ అంతా ఎర్రసిరాతో కొట్టేస్తారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మాణిక్యం గారు, వాళ్ళావిడ బేబీ గారు వచ్చారు. చేతిలో చందువా చేప, అరిటాకులో చుట్టి. ఓడినవాళ్ళు చేప తెచ్చి ఇవ్వడం ఎక్కడైనా ఉందా?

"శనివారం వాడపల్లి వెళ్తున్నామండి" అన్నారు ఆయన. "ఎలాగూ తీయించుకునేది స్వామి దగ్గరే ఇచ్చేస్తే పుణ్యమైనా వస్తదని."

బేబీ గారు పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నారు. "పెళ్ళిచూపుల్లో ఆ మీసం చూసే ఒప్పుకున్నానమ్మా. అది తీసేస్తే నాకు తెలిసిన మనిషి ఏడి?"

"కావాలంటే ఇంకోసారి నడిపి చూద్దామండి" అన్నాను. అది కూడా గొణుగుడే.

"వద్దండి వద్దండి" అన్నారు మాణిక్యం గారు. "మీరు ఆయ్ అన్నాక మళ్ళీ చూడ్డమేంటండి. మీ మాట చాలు."

తిట్టినా బాగుండేది. నా నోటి అలవాటుకి ఒక పెద్దమనిషి మీసం పోతోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. శనివారం లోపల పోలయ్య గారికి చెప్పాలి. షెడ్డు పోతే పోయింది.

షెడ్డు పోతే ఏం చేస్తానో తెలియదు.

ఫిబ్రవరి 12, బుధవారం

చెప్పడానికే పోలయ్య గారింటికి వెళ్ళాను. ఆయన చెరువు దగ్గర నుంచి వచ్చిన వ్యాపారస్తులతో అరుగు మీద కూర్చున్నారు. నన్ను చూడగానే లేచి, "ఈ అమ్మాయేనండి, మిషను మీద ఉన్నదున్నట్టు చెప్పేస్తది, మొహమాటం లేదు" అని పరిచయం చేశారు. ఆ తరవాత భోజనం. ఆ తరవాత ఇంకొంచెం పెరుగు. వచ్చేటప్పుడు కవరు నిండా రొయ్యలు.

చెప్పలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

చెప్పలేదు. రొయ్యల ఇగురు బాగుంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పోలయ్య గారు కారు పంపించారు. ఒకసారి చూసి, రేపు నన్నే నడిపి వాడపల్లి తీసుకురమ్మన్నారు, స్వామి ముందు పెట్టి పూజ చేయిస్తారట. రెండు తలుపుల మీదా బంగారు రంగు స్టిక్కరు, మూర బారు అంకెలు. 412.

రోలర్లు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కారుని మళ్ళీ కట్టాను. రెండు వందల ఎనభై ఒకటి. ఎనభై. మళ్ళీ ఎనభై ఒకటి. గీత చక్కగా గోదారి గట్టులా ఉంది, తాటిచెట్టు లేదు.

సాయంత్రం అన్నం తినలేదు. నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నారు. అంతా చెప్పేశాను.

"ఆయ్ అన్నావా?"

"అన్నాను."

"ఎన్నిసార్లు?"

"అది అవసరమా నాన్నా?"

"నీకు ముప్పై నాలుగున్నర వేశాను. గుర్తుందా?"

"మర్చిపోతే కదా. దుర్మార్గులు మీరు."

"తరవాత ప్రీ-ఫైనల్లో తొంభై ఆరు వేశాను. ఆ పేపరూ నేనే దిద్దాను. హెడ్మాస్టరు కూతురు కదా, ఎక్కువ వేసేశాడని బడిలో ఒక్కడైనా అన్నాడా?"

అనలేదు. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆయన్ని అంత తిట్టిన దాన్ని, ఇప్పుడు ఏమనాలో తెలియక "రేపు మీరు కూడా రండి" అన్నాను.

"వాడపల్లికా?" అన్నారు. "నేను బయట కారులో కూర్చుంటాను" అన్నారు మళ్ళీ.

ఫిబ్రవరి 15, శనివారం

రాజోలు దాటి, కొత్తపేట దాటి, తలుపుల మీద 412 మోసుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా పిల్లలు చేతులూపారు. నాన్న ప్రతి మలుపులోనూ "నెమ్మది" అన్నారు. శనివారం కదా, వాడపల్లిలో ఇసకేస్తే రాలనంత జనం. కారు ఆపడానికే చాలా సేపు పట్టింది. అప్పటికి మాణిక్యం గారు మంగలి ముందు కూర్చున్నారేమో అని జనంలోంచి తోసుకుంటూ పరుగెత్తాను.

కూర్చున్నారు. కల్యాణకట్టలో, పంచె ఎగ్గట్టి, మీసం తడిపి. పక్కన పోలయ్య గారు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బేబీ గారు అటు తిరిగి ఉన్నారు. మంగలి కత్తికి కొత్త బ్లేడు వేస్తున్నాడు.

మంచినీళ్ళు లేవు, కుర్చీ లేదు, పద్ధతీ లేదు. "తీయించుకోకండి మాణిక్యం గారూ" అన్నాను. "ఆ అంకె తప్పు. రోలర్ల మీద కొబ్బరినీళ్ళు పడి చక్రాలు జారాయి. కారు రెండు వందల ఎనభై ఒకటి. బాబాయ్ గారూ, నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేకపోయాను. షెడ్డు తాళంచెవి తెచ్చాను, తీసుకోండి."

పోలయ్య గారు తాళంచెవి కేసి చూశారు, నా కేసి చూశారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు.

"ఏంటండి?"

"సోమవారం చెరువు గట్టు మీద నడిపేను కదా. ఇదివరకు మీద కొంచెం హుషారుగా లాగుతోంది, అంతే. రోజూ నడిపేవాడిని, నాలుగొందలైతే నాకు తెలవదా?"

"మరి స్టిక్కరు ఎందుకు వేయించారండి?"

"నలుగురిలో నువ్వు ఆయ్ అన్నావు. నేను కాదంటే రేపు నీ షెడ్డుకి ఎవరొస్తారమ్మా? నీ మాట నిలబెడదామనీ..."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు మాణిక్యం గారు తడి మీసంతోనే గొంతు సవరించుకున్నారు.

"నాకూ తెలుసండి. కాయల సంగతి సత్తిబాబు ఆదివారం సాయంత్రమే చెప్పేడు."

"మీకు తెలిసి ఇక్కడ కూర్చున్నారాండి?"

"బావగారు అంత సంబరపడ్డారు. మీరా, చిన్నపిల్ల. ఇద్దర్నీ ఇరకాటంలో పెట్టడం ఏం బాగుంటదండి. మీసందేముంది, మళ్ళీ వస్తది."

అప్పుడు బేబీ గారు ఇటు తిరిగారు. "మీ ముగ్గురికీ తెలుసా? నేను అయిదు రోజుల్నుంచి ఏడుస్తున్నాను. మీ మర్యాదలు తగలెయ్య" అని మొగుడి చెయ్యి పట్టుకుని పీట మీద నుంచి లేపేశారు.

మంగలి కత్తి గాల్లో పట్టుకుని, "ఎవరిదో ఒకరిది తేల్చండి బాబూ, వెనకాల లైనుంది" అన్నాడు.

పోలయ్య గారు తువ్వాలు నా చేతికిచ్చి పీట మీద కూర్చున్నారు. నేను వద్దండి అన్నాను, మాణిక్యం గారు వద్దు బావా అన్నారు. "నాలుగొందలు రాలేదు కదా" అన్నారాయన, అంతే. గుబురంతా రాలిపోయాక కింద చర్మం తెల్లగా, పసిపిల్లాడి మొహంలా ఉంది. తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని, నా బ్యాగులోనే పడేసి, "ఇంకెప్పుడూ ఇలా ఊళ్ళు తిప్పకమ్మా, పోద్ది" అన్నారు. నేను ఆయన తువ్వాలు మొహానికి పెట్టుకుని బాగా ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న, "ఎంతని చెప్పావు?" అన్నారు.

"రెండు వందల ఎనభై ఒకటి."

"రైటు" అన్నారు. కొత్తపేట దాకా మళ్ళీ మాట్లాడలేదు. మలుపుల్లో కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

పోలయ్య గారు స్టిక్కరు పీకించి 281 వేయించారు. అదీ బంగారు రంగే. అంకెలు కొంచెం పెద్దవి చేయించారు.

ఫిబ్రవరి 17, సోమవారం

షెడ్డు బయట రాయి పాతించాను. కొబ్బరికాయలు అక్కడే కొట్టాలి. సత్తిబాబు ఆ రాయికి కూడా పసుపు రాశాడు. రాసుకోనీ.

ఫిబ్రవరి 20, గురువారం

మాణిక్యం గారు తన జీపు లాంటి పెద్ద బండి తెచ్చారు. అదీ నాలుగు చక్రాలూ లాగేదే, డీజిలు. "నాకు ఉన్నదున్నట్టు చెప్పాలండి, మొహమాటపడొద్దు" అన్నారు. పోలయ్య గారు మీసం లేని బోసి మూతితో వచ్చి కుర్చీ వేసుకున్నారు.

కాయ బయట కొట్టారు. రోలర్లు నేనే తుడిచాను. నడిపాను.

ఒకప్పటి నేనైతే ముందు టీ తెప్పించేదాన్ని. "నూట నలభై రెండండి" అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది, హాయిగా కూడా అనిపించింది.

మాణిక్యం గారి చెయ్యి మెల్లగా మీసం మీదికి వెళ్ళింది.

"పందెం ఏమీ కాయలేదు కదండి?" అన్నాను.

ఆయన నేల కేసి చూస్తున్నారు. పోలయ్య గారు కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు.

"చెప్పు బావా" అన్నారు. "మొన్న మీ అరుగు మీద నాతో నూట ఎనభై అన్నావా లేదా?"

"ఆయ్" అన్నారు మాణిక్యం గారు.